కల్లు దుకాణం మీదుగా ఇంటికి

వానాకాలంలో మా గట్టు మండలం దిక్కు నుంచి ఆడవాళ్లెవరైనా వస్తే నేను ముందు వాళ్ల కుడి చెయ్యి చూస్తాను. ఇప్పుడు నేనుండేది నాగర్‌కర్నూల్‌లో. ఆఫీసు ఉద్యోగం, ఫ్యాను కింద కుర్చీ. అయినా ఆ అలవాటు పోలేదు. బొటనవేలి గోరు పెరిగి, దాని చుట్టూ పసుపు పుప్పొడి ఇంకి ఉంటే ఆమె విత్తన పత్తి చేలో పనిచేసి వచ్చిందని తెలిసిపోతుంది. ఇక పని పక్కన పెట్టి ముచ్చట మొదలుపెడతాను. మా ఆఫీసువాళ్లు నవ్వుకుంటారు. నవ్వుకోనీ, నాకేం పోయింది.

మాది గట్టు మండలంలో ఒక చిన్న ఊరు. వాన పడితే పంట, లేకపోతే ఎండ. అలాంటి చోట నాలుగు వేళ్లు నోట్లోకి పోయాయంటే విత్తన పత్తి వల్లనే. ఆ పని తెలియనివాళ్లకు ఒక్క మాటలో చెప్పాలంటే, తుమ్మెద చెయ్యాల్సిన పని మనిషి చెయ్యడం. సాయంత్రం పూట, రేపు విచ్చుకోబోయే మొగ్గను పట్టుకుని, బొటనవేలి గోరుతో చుట్టూ గీరి, రెక్కలనూ లోపలి పుప్పొడినీ ఒక్క లాగులో తీసెయ్యాలి. నడిమి కాడ మాత్రం చిట్లకూడదు. మర్నాడు పొద్దున వేరే సాళ్లలోని మగపూలు తెంపుకొచ్చి ఆ కాడలకు ఒక్కొక్కదానికే రాయాలి. దీన్ని క్రాసింగ్ అంటారు. అది ఇంగ్లీషు మాటని మా అమ్మకు తెలియదు, మా ఊరి మాటే అనుకునేది. చెయ్యి తగలని పువ్వు మొదటిరోజు తెల్లగా ఉండి మర్నాటికి ఎర్రబడుతుంది. అది కాయ అయినా విత్తనానికి పనికిరాదు. అందుకే ఆ రెండు నెలలూ ఒక్క పూట కూడా మానడానికి వీల్లేదు. జ్వరమొచ్చినా, చుట్టాలొచ్చినా, పండగొచ్చినా చేలోనే.

ఆ పనిలో మా అమ్మ కుడి చేతికి మా దిక్కున పేరుండేది. మిగతావాళ్లు ఒక సాలు ముగించేలోపు ఆమె తన సాలు ముగించి, పక్కవాళ్ల సాలులోకి ఎదురొచ్చేది. చూడకుండా తీసేది. నోరు కబుర్లు చెబుతుంటే చెయ్యి తన దారిన తాను పోయేది. మా నాయన నా చిన్నప్పుడే పోయాడు. మాకున్న కొద్దిపాటి చేనూ, నా చదువూ, ఇంటి కప్పూ, అన్నీ ఆ చేతి మీదే నిలబడ్డాయి. చేలో పని అయిపోయిన నెలల్లో కూడా అమ్మ ఆ గోరును కాపాడుకునేది. గిన్నెలు తోమేటప్పుడు బొటనవేలు పైకెత్తి పెట్టుకునేది. నేను ఎగతాళి చేస్తే, "నీ పెన్ను నీకెట్లనో నా గోరు నాకట్ల" అనేది.

మా ఇంట్లో ఇంకొకరు మా చిన్నాయన. నాయనకు తమ్ముడు. అమ్మ కొత్త కోడలిగా వచ్చేసరికి పాలపళ్లు ఊడుతున్న పిల్లాడట. తల్లి లేదు. అన్నం కలిపి తినిపించింది, తల దువ్వింది, దెబ్బలు వేసింది, అన్నీ అమ్మే. పెద్దయ్యాక ఆయన ఆటో కొన్నాడు. పొద్దున మా ఆడవాళ్ల గుంపును చేలకు తీసుకుపోవడం, సాయంత్రం తీసుకురావడం ఆయన పని. నడుమ గట్టుకో గద్వాలకో కిరాయి కొట్టుకునేవాడు.

ఆ పొద్దుటి ఆటో గురించి తలుచుకుంటే ఇప్పటికీ నాకు నవ్వొస్తుంది. గద్వాలలో డిగ్రీ చదివే రోజుల్లో సెలవు దొరికితే నేనూ వాళ్లతో పోయేదాన్ని. ఆటోలో పట్టేదానికి రెట్టింపు మందిమి. ఒకరి ఒళ్లో ఒకరు, ఒడిలో టిఫిను గిన్నె, కాళ్ల సందున నీళ్ల క్యాను. "జర జరగండ్రి, మా బర్రె గూడ వస్తనంటుంది" అనేవాడు చిన్నాయన. రాయచూరు దిక్కు నుంచి వచ్చిన కోడలొకామె ఇంకా తల ముడి వేసుకుంటూనే "బేగ బేగ" అని ఆయననే తొందరపెట్టేది, ఆలస్యం చేసింది తానే అయినా. ముందు సీట్లో చిన్నాయన పక్కన, అంచు మీద, అమ్మ స్థానం. అది వదినగారి గద్దె. అక్కడ ఇంకెవరన్నా కూర్చుంటే ఆటో కదిలేది కాదు.

మధ్యాహ్నం చేని గట్టు మీద కూర్చుని తిన్న జొన్నరొట్టెలూ, పల్లీల పచ్చడీ, చేతితో పగలగొట్టిన ఉల్లిగడ్డా నాకు మళ్లీ ఎక్కడా ఆ రుచితో దొరకలేదు. సీతాఫలాల రోజులైతే చిన్నాయన గుట్ట పక్కన ఆటో ఆపి, లుంగీ ఎగగట్టి, పొదల్లోకి పోయి తువ్వాల నిండా తెచ్చేవాడు. అందరికీ ఒక్కో పండు, అమ్మకు మాత్రం రెండు. "మేమేం పాపం జేసినమయ్యా" అని మిగతావాళ్లు గొడవ. "మీరు నాకు స్నానం పోసిండ్రా" అని ఆయన జవాబు.

ఇంటికొచ్చే దారి మాత్రం ఎప్పుడూ కల్లు దుకాణం మీదుగానే. రోజంతా నడుం వంచి పనిచేసిన ఒళ్లు అది. దుకాణం ముందు వేపచెట్టు నీడలో చాపల మీద కూర్చునేవాళ్లం. ఉడకబెట్టిన శనగ గుడాలు, మీద కారం, పక్కన మిరపకాయ బజ్జీలు. ఆడవాళ్లు తలో సీసా, చిన్నాయనకు రెండో మూడో. అమ్మ తన దాంట్లోంచి నాకు అర గ్లాసు వంచేది. దానికి దాపరికం లేదు, సిగ్గు లేదు. దేవతకు పోసేది కల్లే, బాలింతకు ఇచ్చేది కల్లే, చుట్టం వస్తే తెప్పించేది కల్లే. సారా, బ్రాందీ తాగితే తాగుడు. కల్లు తాగితే ఒళ్లునొప్పి తగ్గడం, అంతే. చిన్నాయనకు ఆత్మకూరు సంబంధం కుదిరినప్పుడు అమ్మ పెళ్లివాళ్లతో గుండె మీద చెయ్యి వేసుకుని, "మా పిలగాడు మందు ముట్టడు" అని చెప్పింది. అప్పుడు వాళ్లంతా కూర్చుని కల్లే తాగుతున్నారు. ఆ మాటలో అబద్ధం ఉందని అక్కడ ఒక్కరికీ తోచలేదు, నాకూ తోచలేదు.

అమ్మ చిన్నతనంలో వాగు ఒడ్డున ఈతచెట్లు దట్టంగా ఉండేవట. గీసేవాళ్లు పొద్దున్నే దించి ఇంటింటికీ తెచ్చేవాళ్లట. నురుగు తీపి కల్లు, ఈగలు ముసిరే కల్లు. అమ్మ మనసులో కల్లంటే అదే. మా కాలానికి వాగు ఒడ్డున చెట్లు ఎన్నున్నాయో వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. దుకాణంలో మాత్రం చీకటిపడేదాకా పోస్తూనే ఉండేవాళ్లు. ఇంత కల్లు ఏ చెట్టు నుంచి వస్తోందని అడగాలన్న బుద్ధి, డిగ్రీ చదువుతున్న నాతో సహా, ఎవరికీ పుట్టలేదు.

ఆ సాయంత్రం కూడా అన్ని సాయంత్రాల్లాంటిదే. చినుకు పడి వెలిసింది. దుకాణం దగ్గర కూర్చున్నాం, లేచాం. చిన్నాయన మాట కాస్త ముద్దగా ఉంది. "మెల్లగ పోరా" అని అమ్మ అన్నట్టు గుర్తు. ఊరు ఇంకా కొద్ది దూరం ఉందనగా కల్వర్టు దగ్గర రోడ్డు మలుపు తిరుగుతుంది. ఆటో తిరగలేదు. అడ్డం ఏదీ రాలేదు, ఎదురుగా బండి లేదు, ఆయన బ్రేకు కూడా తొక్కలేదు. తిన్నగా పోయి పక్కచేలోకి పడిపోయింది. నేను వెనక ఉన్నాను, మోచేతులు దోక్కుపోయాయి. మిగతావాళ్లకూ దెబ్బలే తప్ప ప్రాణం మీదికి రాలేదు. ముందు సీటు అంచున కూర్చున్న అమ్మ, పడిపోతూ, కుడిచేత్తో పైకడ్డీ పట్టుకుంది. ఆటో ఆ చేతి మీద పడింది.

కర్నూలు పెద్ద దవాఖానలో చెయ్యి తీసెయ్యకుండా నిలబెట్టారు, అదే మేలు. ఎముకకు రాడ్డు వేశారు. నరం సంగతి ఇప్పుడే చెప్పలేమని, వేళ్లకు కదలిక వస్తే రావచ్చు, రాకపోతే లేదని డాక్టరు చెప్పాడు. "తగ్గుతదిలే. వచ్చే కార్తెకు తగ్గుతది. వచ్చే ఏడు నేనే జేస్త" అంది అమ్మ, మంచం మీంచి నన్ను ఓదారుస్తూ. అప్పటినుంచి మా ఇంట్లో అందరం ఒక్కదానికే ఎదురుచూశాం, ఆ వేళ్లు కదలడానికి.

నేను బట్టలకోసం ఊరికి వచ్చినరోజు చేను చూశాను. చేనంతా ఎర్రగా ఉంది. చెయ్యి తగలని పూలు ఏ సాలు చూసినా ఎర్రబడి వేలాడుతున్నాయి. తెలియనివాడు చూస్తే ఎంత అందంగా ఉందో అనుకుంటాడు. నేను గట్టు మీదే కూలబడి ఏడ్చాను. గుంపులో వాళ్లు రాకపోలేదు, దెబ్బలు తగ్గినవాళ్లు రెండు పూటలు వచ్చి చేసిపోయారు. కానీ వాళ్ల చేలూ అట్లాగే ఎర్రబడుతున్నాయి. వాళ్లను తెచ్చే ఆటో లేదు. ఇద్దరు నడుము పట్టేసి లేవలేదు. ఒకామె అత్తగారింటివాళ్లు ఆ ఏడు పనికే పంపలేదు.

ఖర్చు ఎంతయిందని చుట్టాలు అడిగేవాళ్లు. దవాఖాన ఖర్చు అడుగుతున్నామని వాళ్ల ఉద్దేశం. నాకు ఒళ్లు మండిపోయేది. పాలిచ్చే బర్రెను అమ్ముకున్నాం, అది ఖర్చు కాదా. దవాఖానలో అమ్మ దగ్గర కూర్చోడానికి చిన్నాయన భార్య, మా చిన్నమ్మ, కూలి మానుకుంది. నేను బీఎడ్ చదువుదామనుకున్నది వదిలి, దొరికిన మొదటి ఉద్యోగంలో చేరాను. మమ్మల్ని చూడడానికి బ్రెడ్డూ పళ్లూ పట్టుకుని బస్సెక్కి వచ్చిన ప్రతి మనిషీ ఆ రోజు పని పోగొట్టుకునే వచ్చారు. రెండు సీసాల కల్లు మా ఊరి సగం ఇళ్లలో చెయ్యి పెట్టింది.

ఇక మిగిలింది ఆటో. ముందుభాగం నుజ్జయింది. దానికి ఇన్సూరెన్స్ ఉంది. ఆ డబ్బొస్తే బాగుచేయించుకుని చిన్నాయన మళ్లీ తోలుకుంటాడు, అమ్మ చేతికి ఫిజియోథెరపీ చేయించొచ్చు అనుకున్నాం. ఇన్సూరెన్స్ వాళ్ల తరఫున విచారణకు ఒకాయన వస్తున్నాడని తెలిసి చిన్నాయన అందరికీ చెప్పిపెట్టాడు, బర్రె అడ్డమొచ్చిందని చెప్పమని. వచ్చినాయన మంచివాడే. బూట్లు విడిచి లోపలికొచ్చాడు, టీ తాగాడు, అమ్మ చెయ్యి చూసి అయ్యో అన్నాడు. ఆ తర్వాత అడిగాడు.

"డ్రైవరు ఆరోజు తాగి ఉన్నాడా అమ్మా?"

"అయ్యో, లేదు సారూ. మా మరిదికి ఆ అలవాటే లేదు" అంది అమ్మ.

ఆయన లేవబోయాడు. అక్కడితో ఆగితే సరిపోయేది. కానీ మరిది మీద మాట పడకూడదని అమ్మ ఆరాటం. ఇంకా గట్టి సాక్ష్యం చెప్పాలనుకుంది.

"మందు వాసన గూడ పడదు సారూ ఆయనకు. ఎప్పటిలెక్కనే కల్లు తాగిండు, గంతే. మేమంత తాగినం. నా మాట మీద నమ్మకం లేకుంటే దుకాణమాయననే అడగండ్రి, ఆయన జెప్తడు."

ఆయన మళ్లీ కూర్చున్నాడు. "దుకాణం ఎక్కడమ్మా?" అన్నాడు మెల్లగా. అమ్మ ఉత్సాహంగా దారి చెప్పింది. ఏ మూల తిరగాలో, ఏ చెట్టు గుర్తో, అంతా.

బండికి రావాల్సింది రాదని తేలింది. అమ్మ చేతి దెబ్బకు పరిహారం ఏమైనా ఇచ్చినా, తాగి నడిపాడు కనక ఆ సొమ్ము తిరిగి చిన్నాయన దగ్గరే వసూలు చేస్తారని వకీలు చెప్పాడు. అంటే మా కుడిజేబులోది తీసి మా ఎడమజేబులో వెయ్యడం. ఆ మాట విన్న రోజు ఇంట్లో పొయ్యి వెలగలేదు. చిన్నమ్మ గడపలో కూర్చుని అమ్మను నానామాటలూ అంది. "నీ నోటికి తాళం లేదా అక్కా, మా బతుకు బజార్ల బెడ్తివి" అంది. అమ్మకు అర్థం కాలేదు. "నేను నిజమే జెప్పిన గద. కల్లు తాగిండంటే తాగిండనా?" అంది. నాకు కోపంతో పాటు నవ్వూ వచ్చింది, నవ్వితే చిన్నమ్మ నన్ను కూడా నాలుగు అంటుందని బయటికి పోయాను.

అప్పుడే చిన్నాయన వచ్చాడు. వాకిట్లో నిలబడి అంతా విన్నాడు. "వదినను ఏమనకు. ఆమె చెప్పింది నిజమే. నేను తాగిన. తాగి తోలిన" అన్నాడు. మా ఇంట్లో కల్లును తాగుడు అనడం నేను వినడం అదే మొదలు. అమ్మ మాత్రం, "ఊకోరా, నీ తప్పేముంది, రోడ్డు అట్లున్నది" అని ఆయన్నే సముదాయించింది.

ఆ రోజుతో ఆయన కల్లు మానేశాడు. మానేశాక తెలిసింది అసలు సంగతి. చేతులు వణకడం మొదలైంది. చెమటలు. గోడతో మాట్లాడడం, లేని మనుషులను పిలవడం. దయ్యం పట్టిందని ఊళ్లోవాళ్లు అన్నారు. గద్వాల దవాఖానకు తీసుకుపోతే డాక్టరు చూడగానే, ఎన్నేళ్ల నుంచి కల్లు తాగుతున్నాడని అడిగింది. దుకాణాల్లో పోసేదాంట్లో మత్తు గోలీల పొడి కలుపుతారనీ, మానేస్తే ఇట్లాగే అవుతుందనీ, ఇట్లాంటి వాళ్లు రోజూ వస్తారనీ చెప్పింది. తేరుకున్నాక చిన్నాయన మంచం మీద కూర్చుని నావైపు అమాయకంగా చూశాడు. "చెట్టు కల్లనుకున్న బిడ్డా. ఇన్నేండ్లు గోలీలు తాగిన్నా నేను?" అన్నాడు. ఆయనకు జావ తాగించింది అమ్మే, ఎడమచేత్తో, సగం ఆయన చొక్కా మీద ఒలికిస్తూ.

తర్వాత ఏళ్లు గడిచాయి. చిన్నాయన వేరేవాళ్ల ట్రాక్టరు మీద జీతానికి పోతున్నాడు. చేను కౌలుకిచ్చాం. గుంపు చెదిరిపోయింది. కొందరిని వేరే బండ్లు తీసుకుపోతున్నాయి, కొందరు మానేశారు. కల్లు దుకాణం అక్కడే ఉంది, దాని ముందు ఆటోలు ఇంకా ఆగుతూనే ఉన్నాయి. ఊరికి పోయినప్పుడల్లా ఆ డ్రైవర్లతో నేను తగువు పెట్టుకుంటాను. "కల్లే గదక్కా" అంటారు. నా తిట్లు వాళ్లకు కంఠతా వచ్చేసి ఉంటాయి. అమ్మ చెయ్యి మాత్రం చన్నీళ్లలో తడిసిన గుడ్డలా అట్లాగే ఉండిపోయింది. అయినా వానలు మొదలవగానే, "ఈ ఏడు కొంచెం తేడా తెలుస్తుంది. తగ్గుతది" అనేది. నిజమే అనేవాళ్లం. అంతకంటే ఏమనగలం.

నిరుడు మా గుంపులో ఒకామె కూతురి పెళ్లి వనపర్తిలో జరిగింది. పాతవాళ్లంతా కలిశారు. ఒకరినొకరు పట్టుకుని వదల్లేదు. పొద్దుటి ఆటో, సీతాఫలాలు, ఎవరు ఎవరి ఒళ్లో కూర్చున్నారు, అన్నీ తవ్వుకుని నవ్వుకున్నారు. రాయచూరు కోడలికి తల నెరిసింది, ఇప్పటికీ అందరికంటే ఆలస్యంగానే వచ్చింది. భోజనాల వేళ అమ్మ మామూలుగానే పక్కకు తప్పుకోబోయింది. ఆ చెయ్యి పోయాక ఆమె ఏ ఫంక్షన్‌లోనూ తినదు. ఎడమచేత్తో తినడం నామోషీ, చెంచాతో తినడం ఇంకా నామోషీ. ఆకలి లేదని చెప్పి ఇంటికొచ్చి తింటుంది. ఆ రోజు పెళ్లికూతురి తల్లి వదల్లేదు, లాక్కొచ్చి కూర్చోబెట్టింది.

బగారన్నం వడ్డించారు, మటన్ కూర వేశారు. అమ్మ కుడిచెయ్యి కొంగు కింద దాచుకుని ప్లేటు వైపు చూస్తూ కూర్చుంది. "తినవేందవ్వా" అని వడ్డించేవాడు అడిగితే, "తింట బిడ్డా" అంది. నేను ఎదురు వరసలో ఉన్నాను. లేచి వచ్చేలోపు చిన్నాయన చెయ్యి కడుక్కుని వచ్చి అమ్మ పక్కన కుర్చీ లాక్కున్నాడు. అన్నం కలిపాడు. ముద్ద చేసి ఆమె నోటి దగ్గర పెట్టాడు.

"ఏందిరా, అందరు జూస్తుండ్రు" అంది అమ్మ.

"చూడనియ్యి వదినా."

అమ్మ తిన్నది. నెమ్మదిగా నమిలి మింగింది. మంచినీళ్లు తాగింది. తర్వాత, పక్కింటి సంగతి చెబుతున్నట్టు, "నా చెయ్యి ఇంక రాదురా" అంది.

చిన్నాయన రెండో ముద్ద కలిపాడు.

"రాదు వదినా" అన్నాడు. "నేనే పోగొట్టిన."

"ఊఁ" అంది అమ్మ.

కాదనలేదు. రోడ్డు బాగాలేదనలేదు, నీ తప్పేముందనలేదు. ఇన్నేళ్లలో ఆయనను ఆమె వెనకేసుకురాకపోవడం అదే మొదటిసారి. చిన్నాయనకు కళ్లు తుడుచుకోవడానికి కూడా చెయ్యి ఖాళీగా లేదు. అమ్మ తర్వాతి ముద్దకోసం నోరు తెరిచింది.